పక్కన పెట్టిన వాటా

4, సోమవారం

గెలిచాను. మీసం లేదు గానీ, ఉంటే ఈపాటికి మెలేసేదాన్ని.

మీటింగులో పొదుపు సారు ఎప్పటి పాటే ఎత్తుకున్నారు. మా మేనేజరుకి ఆ పేరు పెట్టింది నేనే. ఏ మెషీన్లో రవ్వంత మెమరీ ఖాళీగా కనిపించినా ఆయన ప్రాణం గిలగిల్లాడిపోతుంది. "ప్రతి మెషీన్లో అంత చోటు ఊరికే వదిలేస్తారా మేడమ్?" అన్నారు.

"ఊరికే కాదు సార్, ఆ మెషీన్ కోసమే పక్కన పెడతాం. ఆసుపత్రుల పని చేసే మన ప్రోగ్రాములు, ఆ కంటెయినర్లన్నీ చుట్టాలనుకోండి. వాళ్లని లోపలికి తీసుకొచ్చేదొకరు, సాగనంపేదొకరు, ఇంట్లో అంతా క్షేమమేనని పైకి కబురు పెట్టేదొకరు. వీళ్లంతా మెషీన్ సొంత మనుషులు. మనం చుట్టాలకి గదులన్నీ ఇచ్చేసి ఇంట్లోవాళ్లని వీధిలో నిలబెట్టాం. పోయిన నెల జరిగిందదే కదా!"

పోయిన నెల తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. ఒక మెషీన్లో కంటెయినర్లు మెమరీ అంతా మింగేశాయి. సిస్టం ప్రోగ్రాములకి ఊపిరాడలేదు, కబురు పెట్టాల్సింది కబురు పెట్టలేదు. ఆ మెషీన్ పోయిందనుకుని, మెషీన్లన్నిటినీ కలిపి నడిపే క్లస్టర్ దాని బరువంతా పక్క మెషీన్ మీద వేసింది. అదీ పడింది. దాని బరువు ఇంకోదాని మీద. ఆసుపత్రుల్లో డాక్టర్లు రక్తపరీక్ష రిపోర్టు తెరుస్తుంటే తెల్ల తెర తప్ప ఏమీ రాలేదు. ఎదురుగా రోగులు కూర్చుని ఉన్నారు.

సారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "సరే, మీ మాటే కానివ్వండి. కానీ ఇరవై ఏడున కొత్త ఆసుపత్రులు వచ్చి చేరుతున్నాయి. ఆ రోజు మళ్లీ పడిందంటే క్లస్టర్‌ని బయటి కంపెనీకి అప్పగించేస్తాను. మీ టీముని తలో మూలకీ సర్దేస్తాను. తర్వాత నన్ననుకోవద్దు" అన్నారు.

"పడదు సార్. పూచీ నాది."

బయటికొచ్చాక వాగుడుకాయ నా భుజం మీద ఒక్కటేసి, "ఎంత ధైర్యం అక్కా నీకు!" అంది. నా పక్క సీటు ఆవిడది. ఆఫీసు మొత్తం మాట్లాడాల్సిందంతా ఒక్కతే మాట్లాడేస్తుంది. ఈ రోజు మాత్రం ఎంత మాట్లాడినా ముద్దుగానే ఉంది.

7, గురువారం

పని అయింది. ప్రతి మెషీన్లో సిస్టం ప్రోగ్రాములకి ఇంత మెమరీ, ఇంత ప్రాసెసర్ అని విడిగా తీసిపెట్టాను. ఎంత కావాలో నేనే దగ్గరుండి కొలిచాను. నిన్న మెషీన్లు ప్రశాంతంగా ఉన్నాయి కాబట్టి కొలత చక్కగా వచ్చింది.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? కంటెయినర్లు ఆ వాటా జోలికి రాకుండా గొళ్లెం ఎలాగూ ఉంది. రెండో వైపు కూడా ఒక గొళ్లెం బిగించాను. సిస్టం ప్రోగ్రాములు కూడా వాటి వాటా దాటి బయటికి రాకూడదు. ఎవరి చోట్లో వాళ్లు బుద్ధిగా ఉంటారు.

"ఆ రెండోది అవసరమా అక్కా?" అంది వాగుడుకాయ.

"చేస్తే పద్ధతిగా చెయ్యాలి" అన్నాను.

ఆ సెట్టింగు దగ్గర డాక్యుమెంటులో జాగ్రత్త, జాగ్రత్త అని ఏదో హెచ్చరిక రాసి ఉంది. జాగ్రత్త గురించి నాకే చెప్పాలా!

9, శనివారం

అత్తయ్య మా ఇంటికొచ్చి ఇంకా నెల కాలేదు. ఇన్నాళ్లూ మా ఆడపడుచు దగ్గర ఉండేవారు. అక్కడ పిల్లల పుస్తకాల మధ్య, అల్లుడి ఫైళ్ల మధ్య ఒక మంచం. నేను అలా ఎందుకు పెడతాను? ఎండ వచ్చే గది మా ఇంట్లో ఒకటే ఉంది. అందులోంచి నా బల్ల ఎత్తి హాల్లో పడేసుకుని ఆ గది మొత్తం ఆవిడకిచ్చాను. టీవీ పెట్టించాను. పక్కనే బాత్‌రూము. మంచం పక్క గంట స్విచ్చి. నొక్కితే వంటింట్లో మోగుతుంది, టీ కావాలన్నా మంచినీళ్లు కావాలన్నా నేనో మా ఆయనో పరిగెత్తుకెళ్తాం. భోజనం కూడా గదిలోకే పట్టుకెళ్లి ఇస్తున్నాను. కాలు కింద పెట్టనివ్వడం లేదు.

పొద్దున వంటింట్లోకొచ్చి కూరగాయల కత్తి తీశారు. "మీకెందుకత్తయ్యా ఈ తిప్పలు, వెళ్లి హాయిగా కూర్చోండి" అని కత్తి చేతిలోంచి తీసేసుకున్నాను. హాల్లో నాకు ఆఫీసు కాల్స్ ఉంటాయని ఆవిడే అర్థం చేసుకుని తలుపు వేసుకుంటారు. అంత మంచి మనిషి.

మా ఆయన డ్రిల్లు మాస్టారు. ఇంట్లో కూడా ఈల వెయ్యడం ఒక్కటే తక్కువ. ఆయనే అన్నారు, "మా అమ్మని నా కంటే నువ్వే బాగా చూస్తున్నావు" అని. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకున్న అరుదైన సందర్భాల్లో ఇదొకటి. రాసి పెట్టుకోవడంలో తప్పు లేదు.

12, మంగళవారం

తెర మీద మెషీన్లన్నీ పచ్చగా ఉన్నాయి. పొదుపు సారు నా సీటు ముందు నుంచి రెండుసార్లు నడిచారు, అడగడానికేమీ దొరకలేదు.

13, బుధవారం

మా ఆడపడుచు ఫోను. "అమ్మ గొంతు అదోలా ఉందేంటి? ఒంట్లో బాగుందా?"

బాగుండకేం. రాణీ గారిలా ఉన్నారు. ఆ మాటే చెప్పాను. పెట్టేశాక చాలాసేపు ఒళ్లు మండుతూనే ఉంది. ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు అత్తయ్య గొంతు ఎలా ఉండేదో నేనెప్పుడైనా అడిగానా?

18, సోమవారం

ఒక మెషీన్ పడింది.

ఇరవై ఏడుకి ముందు ఒక రిహార్సల్ పెట్టాం. కొత్త ఆసుపత్రుల బరువు ఎంతుంటుందో అంతా నకిలీగా తయారు చేసి వదిలాం. కంటెయినర్లు గుంపుగా మొదలయ్యాయో లేదో, ఒక మెషీన్ ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. చూస్తే, కంటెయినర్లని నడిపించే ప్రోగ్రామే చచ్చిపోయి ఉంది. చుట్టాలకేం కాలేదు, ఇంటి మనిషే పోయాడు.

పైగా ఆ మెషీన్లో మెమరీ బోలెడు ఖాళీగా ఉంది!

పొదుపు సారు వచ్చి నిలబడ్డారు. "పక్కన పెడితే పడదన్నారు. పెట్టాక కూడా పడింది. అయితే అంత చోటు దేనికి ఖాళీగా ఉంచినట్టు మేడమ్?"

నా సెట్టింగుల్లో తప్పుండే ప్రశ్నే లేదు. ఆ ప్రోగ్రాము కొత్త వెర్షన్లోనే ఏదో లోపం ఉండి ఉంటుంది.

19, మంగళవారం

పాత వెర్షన్ పెట్టి చూశాం. మళ్లీ పడింది. మెషీన్ పాతదైపోయి ఉంటుంది.

ఇంకో మెషీన్ మీద చూశాం. అదీ పడింది.

వాగుడుకాయ ఏదో చెప్పబోతే కసిరాను. పాపం, ఏం చెప్పబోయిందో కూడా వినలేదు.

20, బుధవారం

ఇది రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే మా ఆయన చెప్పులు కూడా విప్పనివ్వలేదు. "అమ్మ అక్క దగ్గరికి వెళ్లిపోతానంటోంది" అన్నారు.

"చూడ్డానికా?"

"ఉండిపోవడానికి."

"నేనేం చేశానని?"

"నువ్వేం చేశావని నేనన్నానా? నాక్కూడా ఏం చెప్పడం లేదు. నువ్వే అడుగు."

అడిగాను. అత్తయ్య మంచం మీద కూర్చుని బ్యాగులో చీరలు సర్దుకుంటున్నారు. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మీకు ఏం తక్కువైంది అత్తయ్యా? చెప్పండి, ఏది తక్కువైందో చెప్పండి!"

"ఏదీ తక్కువ కాలేదమ్మా. నీలాగా చూసుకునే కోడలు ఎవరికీ ఉండదు. ఫోన్ చేసినవాళ్లందరికీ అదే చెప్తున్నాను."

"మరి ఎందుకు వెళ్తానంటున్నారు?"

ఆవిడ చీర మడత మళ్లీ విప్పి మళ్లీ పెట్టారు. "కత్తి పట్టుకుంటే లాక్కుంటావు. హాల్లోకొస్తే కాల్ ఉందంటావు. వీధి చివరిదాకా వెళ్లొస్తానంటే పడిపోతారంటావు. మంచి గదే ఇచ్చావు. కానీ నాకు ఆ గదే ఉందమ్మా."

"అవన్నీ మీ కోసమే కదా!"

"నా కోసమే. కాదని నేనెక్కడన్నాను?"

తర్వాత కూడా నా మీద కోపం లేదు ఆవిడకి. అదే ఎక్కువ బాధగా ఉంది. "నీకు ఆఫీసులో ఏదో పెద్ద పనుందటగా, అది అయ్యాకే బయలుదేరతాలే. ఈలోగా నిన్ను తిప్పలు పెట్టను" అన్నారు.

బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంత చేస్తే ఇదా నాకు దక్కింది? నా గది ఇచ్చాను. నా గది!

21, గురువారం

దొరికింది.

ఉదయం ఎవరితోనూ మాట్లాడకుండా పడిపోయిన మెషీన్ తనలో జరిగిందంతా రాసుకునే లాగ్ మొదటి నుంచి చదువుతూ కూర్చున్నాను. మూడు రోజులుగా చివరి వరుసలే చూస్తున్నాం. పైన ఒక వరుస ఉంది. మెషీన్లో మెమరీ అయిపోయిందని కాదు అందులో ఉన్నది. ఆ ప్రోగ్రాము ఉన్న సిస్టం ప్రోగ్రాముల గుంపు తన హద్దు దాటబోయింది కాబట్టి చంపేశామని ఉంది.

ఆ హద్దు ఎవరు పెట్టారు?

వాగుడుకాయ నా భుజం మీంచి చూసి మెల్లగా చదివింది. "చుట్టూ అంతా ఖాళీయే అక్కా. దీన్ని మాత్రం దాని గీత దాటనివ్వలేదు." ఇంకేమీ అనలేదు. 'అవసరమా అని నేనడిగానుగా' అని కూడా అనలేదు. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడటం నాకు ఇదే మొదటిసారి. మొన్న కసిరినందుకు సారీ చెప్పాను. "ఏదో చెప్పబోయావు కదా, ఏంటది?" అంటే, "ఇదే" అంది.

లెక్క అంతా తేటతెల్లమైంది. ప్రశాంతంగా ఉన్న రోజున కొలిచాను. మామూలు రోజుకి ఆ వాటా సరిపోతుంది. కంటెయినర్లు గుంపుగా వచ్చి పడినప్పుడు వాటిని ఎక్కించే ప్రోగ్రాముకి కాసేపు ఎక్కువ కావాలి. పక్కనే కావలసినంత ఖాళీగా ఉంది. చెయ్యి చాపితే అందేది. నా రెండో గొళ్లెం ఆ చెయ్యి పట్టుకుంది. కాపాడదామని కట్టిన గోడే దాన్ని నలిపేసింది.

పొదుపు సారుకి రిపోర్టు రాశాను. దాచడం నా ఇంటా వంటా లేదు. "ఆ వాటా సిస్టం ప్రోగ్రాములకి కనీసం ఇంత దక్కుతుందనే హామీగా ఉండాలి. నేను దాన్ని అంతకు మించి కదలకూడదనే హద్దుగా మార్చాను" అని రాశాను.

ఆ వాక్యం రాసి మళ్లీ మళ్లీ చదువుకున్నాను. వాగుడుకాయ "పంపవా అక్కా?" అని అడిగాక పంపాను.

22, శుక్రవారం

రెండో గొళ్లెం తీసేశాను. వాటా అలాగే ఉంచాను. దాని జోలికి కంటెయినర్లు రావు, సిస్టం ప్రోగ్రాములు మాత్రం అవసరమైతే బయటికొచ్చి ఖాళీగా ఉన్నది వాడుకుంటాయి. రిహార్సల్ మళ్లీ పెట్టాం. నిలబడింది.

ఇంటి సంగతి రాయడానికేమీ లేదు.

23, శనివారం

క్షమించండి అనడం నాకు చేతకాదు. నేర్చుకునే వయసూ దాటిపోయింది. పొద్దున్నే వంటింటి తలుపు దగ్గర నిలబడి, "అత్తయ్యా, కత్తి పై అరలో ఉంది. నాకు బయట పనుంది" అని చెప్పి వెళ్లిపోయాను. బయట ఏ పనీ లేదు. పార్కులో బెంచీ మీద కూర్చుని, ఆవిడ వేలు తెగుతుందేమో, స్టవ్ ఆపడం మర్చిపోతారేమో అని ఫోన్ తీస్తూ పెడుతూ ఉన్నాను. చెయ్యలేదు.

తిరిగొచ్చేసరికి వంటింట్లో నా డబ్బాలన్నీ మారిపోయాయి. ఉప్పు ఎక్కడుందో నా ఇంట్లో నేనే అడగాల్సి వచ్చింది. "పొట్టి మనిషిని, నాకు అందేలా పెట్టుకున్నా" అన్నారు. నా అంతులేని ఓపికంతా పోగేసుకుని "బాగుంది" అన్నాను. క్లస్టర్ నిలబెట్టడం దీని ముందు ఏపాటి?

గంట స్విచ్చి పీకించేశాను. మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని, "మొన్నేగా పెట్టించావు?" అన్నారు.

"పెట్టించిందీ నేనే, తీయించేదీ నేనే. మీ పని మీరు చూడండి."

బ్యాగు ఇంకా మంచం కిందే ఉంది. తీసి చూశాను. బరువుగానే ఉంది.

24, ఆదివారం

కింది ఇంటావిడ కూతురి జాకెట్టు పట్టుకొచ్చింది. భుజాలు సరిగ్గా పడలేదట. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "కుట్టినవాడెవడో కళ్లు మూసుకుని కుట్టాడు" అని అక్కడికక్కడే విప్పేశారు. నా పెళ్లికి ముందు నుంచీ కుట్టు క్లాసులు నడిపిన మనిషి. ఆ సంగతి నాకు గుర్తే లేదు. నా బల్ల ఖాళీ చేసి ఇచ్చాను. ఇక నుంచి నా కాల్స్ పడగ్గదిలో.

నన్ను చూసి, "నీ బల్ల ఎత్తు బాగుందమ్మాయ్" అన్నారు. ఏరి కోరి కొన్నది మరి.

25, సోమవారం

వెళ్తారా ఉంటారా అని అడగలేదు. నేనడగను. ఆవిడ ఇష్టం.

మా ఆయన్ని అడగమన్నాను. ఆయనా అడగలేదు.

27, బుధవారం

నిలబడింది! నిలబడింది, నిలబడింది, నిలబడింది!

కొత్త ఆసుపత్రులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. గ్రాఫులో గీతలు నిలువునా లేచాయి. సిస్టం ప్రోగ్రాముల గీత నేను పక్కన పెట్టిన వాటాని తాకింది, దాటింది, ఇంకా పైకి వెళ్లింది. వాగుడుకాయ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది. గీత పైన కాసేపు నిలబడి, కంటెయినర్లన్నీ సర్దుకున్నాక, తనంతట తానే కిందికి దిగి తన వాటాలోకి వచ్చేసింది. ఒక్క మెషీన్ కూడా పడలేదు. డాక్టర్లు రిపోర్టు తెరిస్తే రిపోర్టు వచ్చింది.

పొదుపు సారు అందరి ముందూ చెప్పారు. "మిగతా క్లస్టర్లకి కూడా మేడమ్ పెట్టినట్టే పెట్టండి. బయటి కంపెనీ మాట ఇక ఎత్తను." తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "తప్పు తనదేనని రాతలో ఇచ్చిన మనిషిని ఈ ఆఫీసులో మిమ్మల్నొక్కరినే చూశాను" అన్నారు. అది పొగడ్తో కాదో తెలియలేదు. పొగడ్తే అనుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చెప్పుల గుట్ట. హాల్లో కింది ఇంటావిడ, ఆవిడ కూతురు, పై ఇంటివాళ్లు, నా బల్ల నిండా గుడ్డ ముక్కలు, మధ్యలో టేపు మెడలో వేసుకుని అత్తయ్య. మా ఆయన అందరికీ టీలు అందిస్తున్నారు. నా క్లస్టర్ నిలబడిందని చెప్పాలని ఆఫీసు నుంచి ఉరికొచ్చానా, "వచ్చావా? ఆ కత్తెర ఇటందుకోమ్మా" అన్నారు అత్తయ్య. అందించాను.

అంతలో ఆడపడుచు ఫోను. రేపే కదా ప్రయాణం, ఎన్నింటికి వస్తున్నావని అడిగినట్టుంది. అత్తయ్య ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇప్పుడు కుదరదే. ఇక్కడ నాకు పనుంది" అన్నారు. నా వైపు చూడను కూడా లేదు. నేను వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను.

30, శనివారం

డైరీ రాసుకుందామంటే ఇల్లంతా జనం. హాలు కుట్టు క్లాసయింది. పడగ్గదిలో మా ఆయన మొద్దునిద్ర. చోటు లేక అత్తయ్య గదిలోకి వచ్చి తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఈ గది ఇచ్చాక ఇక్కడ ఇలా కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఎంత బాగా అమర్చానో! ఎండ సరిగ్గా కాళ్ల మీద పడుతోంది. చెయ్యి చాపితే మంచినీళ్లు, చెయ్యి చాపితే టీవీ రిమోటు. ఇంతకంటే మంచి గది ఈ ఊళ్లో ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.

హాల్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. అత్తయ్య ఏదో అని ఉంటారు. మళ్లీ నవ్వారు, మా ఆయన కూడా లేచినట్టున్నారు, ఆయన గొంతు కూడా కలిసింది. రాయడం ఆపి చెవి పెట్టి విన్నాను. ఈ తలుపు వేసుకుంటే నవ్వు వినిపిస్తుంది గానీ, ఎందుకు నవ్వుతున్నారో మాత్రం వినిపించదు.

ఇక్కడ ఇంక ఒక్క నిమిషం కూడా కూర్చోలేను. లేచి వెళ్తున్నాను.